రావణ వేషధారి శ్రీరామునికి చెప్పుకొన్న క్షమాపణ

2020వ సంవత్సరమున దేశమంతయు గృహములయందే నిర్బంధింపబడియున్న దినములలో, దూరదర్శన్ వారు రామానంద సాగర్ గారి 'రామాయణ్' ధారావాహికను మార్చి 28 నుండి పునఃప్రసారము చేసిరి. ఆ రోజులలోనే ఒక చిన్న దృశ్యము ఫోన్ల ద్వారా ఇంటింటికిని చేరెను. ఎనుబది యేండ్లు దాటిన పెద్దాయన ఒకరు తమ యింట టీవీ యెదుట కూర్చుండియున్నారు. తెరపై రావణుడు సీతమ్మను అపహరించుచున్నాడు. పెద్దాయన రెండు చేతులును జోడించి నమస్కరించిరి. తెరపైనున్న రావణుడును, తెర యెదుట చేతులు జోడించినవారును ఒక్కరే. వారి పేరు శ్రీ అరవింద్ త్రివేది.

ఆ దృశ్యమును చూచినవారిలో కొందరు కన్నీరు పెట్టుకొనిరి, కొందరు నవ్వుకొనిరి. నవ్వినవారి ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆయన చేసినది నటన. తెరపైనున్న సీత దీపికా చిఖలియా అను నటి. ఆ మాటలు రచయిత వ్రాసినవి, ఆ కోపము దర్శకుడు కోరినది. చేయని యపరాధమునకు ముప్పది యేండ్లు దాటిన పిమ్మట క్షమాపణ యెందుకు? ఇది భక్తియా, భ్రాంతియా? వేదాంత సంస్కారము గలవాడైనచో 'నేను కర్తను కాను' అని ఊరకుండవలసినది కదా! సాధకులు ఈ ప్రశ్నను పరిశీలించుట మంచిది. ఏలయనగా ఇది ఒక్క నటునికి సంబంధించినది కాదు. ఏదో యొక వేషము ధరింపక లోకములో తిరుగువారు ఎవ్వరును లేరు.

త్రివేదిగారు 1938 నవంబరు 8న జన్మించిరి. జన్మస్థానము ఇందూరు. స్వస్థలము మాత్రము గుజరాత్ ఉత్తర భాగమున, సాబర్‌కాంఠా ప్రాంతములో ఈడర్ సమీపమునగల కుకడియా గ్రామము. అన్నగారైన ఉపేంద్ర త్రివేది గుజరాతీ రంగస్థలమునను, చలనచిత్రములలోను మిక్కిలి ప్రసిద్ధులు. 1971లో వెలువడిన 'జేసల్ తోరల్' చిత్రము గుజరాతీ ప్రేక్షకుల హృదయములలో నేటికిని నిలిచియున్నది. అన్నగారి అడుగుజాడలలో తమ్ముడును నాటకములలో ప్రవేశించి, గుజరాతీ, హిందీ చిత్రములలో దీర్ఘకాలము నటించెను. సాగర్ గారు 1985లో నిర్మించిన 'విక్రమ్ ఔర్ బేతాళ్'లో కూడ ఆయన కనిపించిరి. ఆ ధారావాహికలో విక్రమార్కుడు అరుణ్ గోవిల్. రెండేండ్లకు ఈ యిద్దరే రామరావణులై ఎదురెదురుగా నిలువవలసియుండెను.

ఆయన రావణ పాత్రను కోరి వెళ్లలేదు. 'రామాయణ్' ధారావాహికకు పాత్రధారులను వెదకుచున్నారని విని, కేవటుని వేషము అడుగుటకు వెళ్లితినని ఆయన పలుమారులు చెప్పియున్నారు. కేవటుడనగా తులసీదాసుల రామచరితమానసములో శ్రీరాముని పాదములు కడిగిన తరువాతనే పడవ యెక్కించుకొందునని పట్టుబట్టిన నావికుడు. మన తెలుగువారు గుహుని ఘట్టములో ఏ మాధుర్యమును అనుభవింతురో, ఉత్తర పశ్చిమ భారతీయులు దానిని కేవటునియందు అనుభవింతురు. సాగర్ గారు ఆయనచేత కొంత సంభాషణ చదివించిరట. చదివి ఆయన లేచి నడచిపోవుచుండగా, ఆ నడకయు, ఆ ఠీవియు చూచి 'నా లంకేశుడు దొరికినాడు' అను భావము సాగర్ గారికి కలిగినదట. స్వామి పాదములు కడుగుదమని పోయినవానికి స్వామితో శత్రుత్వము లభించినది. పురాణజ్ఞులకు ఇక్కడ జయవిజయులు స్ఫురింపక మానరు. ద్వారమున నిలిచి సేవ చేయవలసినవారే శాపవశమున హిరణ్యాక్ష హిరణ్యకశిపులై, రావణ కుంభకర్ణులై, శిశుపాల దంతవక్త్రులై స్వామికి ఎదురు నిలిచిరి గదా!

1987 జనవరి 25, ఆదివారము నాడు ప్రసారము ప్రారంభమాయెను. 1988 జూలై 31 వరకు సాగెను. గుజరాత్ దక్షిణపు కొసన, మహారాష్ట్ర సరిహద్దున నున్న ఉమర్‌గామ్‌లో చిత్రీకరణము. ఆ దినములలో దేశమున దూరదర్శన్ తప్ప వేరొక టీవీ ప్రసారము లేదు. ఆదివారపు ప్రాతఃకాలమున వీథులు నిర్మానుష్యములగుట, టీవీ పెట్టెకు పూలమాల వేయుట, స్నానము చేసిన పిమ్మటనే దాని యెదుట కూర్చుండుట ఆనాటివారికి సుపరిచితములు. హిందీ తెలియని తెలుగు పల్లెలలో సైతము కథ తెలిసినందున భాష అడ్డము రాలేదు. పిల్లలకు అర్థమయినది రాముని మృదువాక్యముకన్న ముందుగా రావణుని నవ్వు.

ఆ నవ్వును గూర్చి కొంత చెప్పవలెను. త్రివేదిగారి రావణుడు కేవలము క్రూరుడు కాడు. విద్వాంసుడు, శివభక్తుడు, రాజనీతి తెలిసినవాడు, తన విద్వత్తుచేతనే మత్తెక్కినవాడు. వాల్మీకి మహర్షి సుందరకాండలో, హనుమంతుడు బంధింపబడి రావణసభలో నిలిచినప్పుడు, ఆ రూపమును, ధైర్యమును, తేజస్సును చూచి విస్మయము చెందినట్లు వర్ణించెను. ఇతనియందు అధర్మము లేకున్నచో దేవలోకమునకు సైతము రక్షకుడు కాదగినవాడని హనుమ తలచినట్లు మహర్షి చెప్పెను. శత్రుపక్షమువాడైన హనుమయే ఇట్లు తలచెననినచో, రావణుని అల్పునిగా చూపుట రామాయణమునకు అన్యాయము. అల్పుని జయించినవాని జయము అల్పమే యగును. ఆ గాంభీర్యమును కాపాడుట చేతనే త్రివేదిగారి నటన రామకథకు సేవ యాయెను. తరువాతి కాలములో వచ్చిన కొన్ని పౌరాణిక ధారావాహికలలో రావణుడు కండలు పెంచిన మల్లుడుగా మాత్రమే మిగిలినాడు. వానిని చూచి హనుమ విస్మయపడుటకు ఏమియు లేదు.

ఇంత చేసియు చిత్రీకరణ దినములలో ఆయన ఉపవాసముండెడివారు. వేషము ధరించుటకు ముందు శివునికిని, శ్రీరామునికిని పూజచేసి, 'ఈ దినము నా నోట నిన్ను పరుషములాడవలసియున్నది, మన్నింపుము' అను భావముతో ప్రార్థించెడివారు. ఈ విషయము ఆయనయే ముఖాముఖిలలో చెప్పిరి. పూజయైన తరువాతనే కిరీటము. కావున 2020లో లోకము చూచిన నమస్కారము వార్ధక్యములో పుట్టిన చాపల్యము కాదు. అది పూర్వాభ్యాసము.

ఇప్పుడు నవ్వినవారి ప్రశ్నకు రావలెను. నటునికి పాత్రదోషము అంటునా? అంటదని శాస్త్రము స్పష్టముగానే చెప్పుచున్నది. అలంకారశాస్త్రములో శ్రీశంకుకుని చిత్రతురగ న్యాయము ప్రసిద్ధము. చిత్రములోని గుఱ్ఱమును చూచినవాడు 'ఇది గుఱ్ఱము' అనును. అది సత్యజ్ఞానము కాదు, మిథ్యాజ్ఞానము కాదు, సంశయమును కాదు, సాదృశ్యజ్ఞానమును కాదు. ఈ నాలుగింటికిని విలక్షణమైన ప్రతీతి. నటుని చూచి 'ఇతడు రాముడు' అనుటయు ఇట్టిదే. అద్వైత పక్షమున చూచినను, శంకర భగవత్పాదులు ఆరంభణాధికరణ భాష్యములో మూలకారణమైన బ్రహ్మము నటునివలె ఆయా కార్యరూపములతో సర్వవ్యవహారమునకు ఆస్పదమగుచున్నదని నిరూపించిరి. వేషము మారును, వేషధారి మారడు. రాజు వేషము వేసినందున రాజ్యము రాదు, చోరుని వేషము వేసినందున శిక్ష పడదు.

పాత్రకును పాత్రధారికిని భేదము తెలియని మొదటి ప్రేక్షకులెవరో నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయములోనే కలదు. ఇంద్రధ్వజోత్సవమున భరతముని ప్రయోగించిన ఆదిమ నాట్యములో దైత్యుల పరాజయము ప్రదర్శితమాయెను. దానిని చూచి విరూపాక్షుడు మొదలగువారు కోపించి, విఘ్నులతో కూడి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండముతో వారిని జర్జరితులను జేసెను. తరువాత బ్రహ్మదేవుడు దైత్యులను సామవాక్యములతో శాంతింపజేసి, నాట్యము ఒక్క మిమ్ము గూర్చియో, ఒక్క దేవతలను గూర్చియో కాదు, ముల్లోకముల భావములను అనుకీర్తనము చేయునదియని బోధించెను. నటుని చూచి పాత్రపై కోపమును అతనిపై చూపువారు తెలియకయే విరూపాక్షుని పక్షమున నిలుచుచున్నారన్నమాట.

త్రివేదిగారి కుటుంబమునకు ఈ యనుభవము కలదు. ధారావాహిక ప్రసారమగు కాలమున తమ పిల్లలను రావణుని పిల్లలనియు, భార్యను మండోదరియనియు జనులు పిలిచెడివారని ఆయన చెప్పిరి. అందులో ద్వేషము కంటె ముచ్చటయే యెక్కువ కావచ్చును. అయినను తండ్రి పేరు అడిగినప్పుడు లంకేశుని పేరు వినవలసివచ్చిన పిల్లలకు అది ముచ్చటగానే యుండెనని చెప్పగలవారెవరు? మరొక వైపున అరుణ్ గోవిల్ గారి పాదములకు జనులు మ్రొక్కిరి. ఒకమారు ఆయన ధూమపానము చేయుచుండగా ఒకరు వచ్చి తీవ్రముగా మందలించిరని, అప్పటినుండి తాము ఆ యలవాటు మానితిమని గోవిల్ గారు చెప్పియున్నారు. రాముడైన తరువాత సామాన్య పాత్రలు తమ్ము వెదకి రాలేదనియు చెప్పుకొనిరి. రామవేషము ఆయనకు భారమైన మాట నిజము, సంస్కారమైన మాటయు నిజము. తెలుగువారికి ఇది క్రొత్త కాదు. 'లవకుశ'లో రాముడైన నందమూరి తారక రామారావు గారి పటములకు ఇండ్లలో హారతులిచ్చిన వారే, 'భూకైలాస్', 'సీతారామ కల్యాణము' చిత్రములలో ఆయన రావణుడైనప్పుడును ఆదరించిరి. 1978 నాటి 'శ్రీరామ పట్టాభిషేకము'లో ఆయన రామరావణులను ఇరువురను తామే ధరించిరి. రామునికి మ్రొక్కి రావణుని మెచ్చిన ఆ ప్రేక్షకునికి శంకుకుని పేరు తెలియకపోవచ్చును, ఆయన న్యాయము మాత్రము తెలిసియే యున్నది.

శాస్త్రము దోషము లేదనినప్పుడు క్షమాపణ వ్యర్థమేనా? ఇక్కడ వాక్కును గూర్చి వైదిక సంప్రదాయము చెప్పినదానిని స్మరింపవలెను. త్వష్ట తన కుమారుని చంపిన యింద్రునిపై పగతో హోమము చేసి, ఇంద్రుని సంహరింపగల పుత్రుని కోరెను. సంకల్పము అదియే. కాని మంత్రములో స్వరము తప్పెను. సంకల్పము ఫలింపలేదు, ఉచ్చారణము ఫలించెను. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడాయెను. వేదాధ్యయనము చేయు ప్రతి బాలునికి స్వరము తప్పినపుడెల్ల గురువులు చెప్పు కథ యిది. వక్త మనసులోని భావముతో నిమిత్తము లేకుండ వాక్కునకు స్వశక్తి కలదని దీని తాత్పర్యము. మరొక వైపు అజామిళుడు కుమారుని పిలువబోయి నారాయణ నామమును పలికెను. ఆయనకును భావము వేరు, ఉచ్చారణము వేరు. ఉచ్చారణమే రక్షించెను. భావము లేకుండ పలికిన నామము తరింపజేయునని నమ్మువారు, భావము లేకుండ పలికిన దూషణ ఏమియు చేయదని అంత నిశ్చింతగా ఎట్లు చెప్పగలరు?

దీనికి ప్రత్యుత్తరము కూడ కలదు. రావణ పాత్రధారి దూషించునపుడు సైతము అతని జిహ్వపై నున్నది రామనామమే. ద్వేషముతోనైనను నిరంతరము స్వామినే తలచిన శిశుపాలాదులకు సాయుజ్యము కలిగెనని నారదుడు ధర్మరాజునకు భాగవత సప్తమస్కంధములో వివరించెను. అట్లయినచో త్రివేదిగారికి ఆ నెలలన్నియు నామస్మరణముతోనే గడచినట్లు కదా! ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది. కాని వైరభక్తిని ఆచరణమార్గముగా ఏ యాచార్యుడును ఉపదేశింపలేదు. అది భగవంతుని కారుణ్యమునకు ఉదాహరణము, సాధకునికి విధి కాదు. త్రివేదిగారును దానిని ఆశ్రయింపలేదు. 'నేను నిందించినను నామమే కదా పలికితిని' అని సమాధానపడుట ఆయనకు సులభమే. అయినను ఉపవాసముండి మన్నింపుమనిరి.

దోషము కలదా లేదా అను వాదమును దాటి చూచినచో ఆ క్షమాపణకు వేరొక ప్రయోజనము కనబడును. రావణ పాత్రలో నటునికి నిజమైన ప్రమాదము దూషణ వాక్యములలో లేదు. ప్రశంసలో కలదు. ఆ యట్టహాసమునకు దేశమంతయు మురిసినది. వీథిలో నడచిన 'లంకేశ్' అను పిలుపు. రావణుని పతనమునకు మూలము పరదారాపహరణము కంటె ముందుగా నున్న యహంకారమే యనునది రామాయణ పాఠకులెల్లరు ఎరిగినది. ఆ యహంకారమునే ప్రతిదినము గంటలకొలది కంఠములోను, కనులలోను, నడకలోను అభ్యసించి, దానికి మెప్పులు పొంది, సాయంకాలము దానిని కిరీటముతోపాటు తీసి పెట్టెలో పెట్టుట సామాన్యుల వలన కాదు. పాత్ర నటునిలో దిగకుండ ఆపునది ఏమి? ముందుగా చేసిన ప్రణామము. 'ఇతడు నేను కాను, నేను నీవాడను' అని వేషధారణమునకు ముందే తనకు తాను జ్ఞాపకము చేసికొనుట.

'నేను కర్తను కాను, నాకు క్షమాపణ యెందుకు' అనువాడు ఒక్క పరీక్షకు నిలువవలెను. అతడు ప్రేక్షకుల చప్పట్లను కూడ తనవి కావనగలడా? మెప్పును స్వీకరించునపుడు నటనను తనదిగా భావించి, దోషప్రసంగము వచ్చినపుడు అకర్తృత్వమును ఆశ్రయించుట వేదాంతము కాదు, వ్యవహార చాతుర్యము. వేదాంత సభలలో సైతము ఈ చాతుర్యము అరుదు కాదు. ఉద్యోగములో లంచము తీసికొన్నపుడు 'అంతయు ప్రకృతి చేయించుచున్నది' యనియు, పదోన్నతి వచ్చినపుడు 'నా కష్టఫలము' అనియు చెప్పు గృహస్థులు ఎల్లరకును ఎరుకయే. త్రివేదిగారు రావణునివలన వచ్చిన కీర్తిని స్వీకరించిరి. స్వీకరించినవాడు గనుక మాటల భారమును కూడ స్వీకరించిరి. ఇందు ఋజుత్వము కలదు.

దేవాలయములలో నిత్యము జరుగునది చూచినను ఇదియే తెలియును. అర్చకుడు విధిప్రకారము ఆవాహనము మొదలు నీరాజనము వరకు ఏ లోపము లేకుండ చేసినను, చివర అపరాధ క్షమాపణ చెప్పక గర్భాలయము వెడలడు. ఫలానా తప్పు చేసితినని తెలిసి చెప్పునది కాదది. స్వామి సన్నిధిలో 'నేను సరిగా చేసితిని' అను తలంపు నిలువకుండుటకు చెప్పునది. తంజావూరు సమీపమున మెలట్టూరు గ్రామములో వేంకటరామశాస్త్రిగారు తెలుగున రచించిన ప్రహ్లాద నాటకమును నృసింహ జయంతి సందర్భమున భాగవతులు నేటికిని ప్రదర్శించుచున్నారు. తమిళసీమ నడుమ తెలుగు భాగవతము నిలిచిన పుణ్యస్థలమది. అచ్చట నృసింహ వేషధారి ఉపవాసముండును. నరసింహుని ముఖమునకు పూజ జరుగును. దేవుని వేషమునకు నియమము ఉండుట సహజము. రాక్షస వేషమునకు సైతము అట్టి నియమమును తనకు తానే, ఎవరును చెప్పకుండ, ఒక టీవీ చిత్రీకరణశాలలో విధించుకొనుట త్రివేదిగారి విశేషము.

ఆయన రాజకీయములను గూర్చి విస్తరింప నవసరము లేదు. 1991లో భారతీయ జనతా పార్టీ పక్షమున సాబర్‌కాంఠా నుండి లోక్‌సభకు ఎన్నికై 1996 వరకు సభ్యులుగా ఉండిరి. అదే యెన్నికలో బరోడా నుండి దీపికా చిఖలియా గారును గెలిచిరి. సీతయు రావణుడును ఒకే పక్షమున, ఒకే సభలో కూర్చుండుట చూచి ఆనాడు జనులు నవ్వుకొనియుందురు. 2002, 2003 సంవత్సరములలో కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలికి తాత్కాలికాధ్యక్షులుగా పనిచేసిరి.

నేటి కాలమునకు త్రివేదిగారి నడవడి మిక్కిలి అవసరమైన సందర్భము వేరొకటి కలదు. ఇటీవల రావణుని పక్షమున మాటలాడుట యువకులలో ఒక వేడుకగా మారినది. 'చెల్లెలి యవమానమునకు ప్రతీకారము చేసినాడు', 'సీతను ఎత్తుకొనిపోయినను బలాత్కరింపలేదు, ఎంతటి నిగ్రహము!' అను వాక్యములు దసరా వచ్చుసరికి ఫోన్లలో తిరుగుచుండును. ఇది వాల్మీకిని చదువని వారి మాట. యుద్ధకాండలో మహాపార్శ్వుడు సీతను బలాత్కారముగా అనుభవింపుమని ప్రేరేపించినపుడు, తాను ఏల అట్లు చేయజాలడో రావణుడే చెప్పెను. పుంజికస్థల యను నప్సరసను బలాత్కరించినందున, ఇకపై ఇష్టములేని స్త్రీని పొందినచో శిరస్సు నూరు వ్రక్కలగునని బ్రహ్మదేవుడు శపించెనట. ఉత్తరకాండలో రంభా వృత్తాంతమున నలకూబరుని శాపమును ఇట్టిదే. అది నిగ్రహము కాదు, శిరస్సుపై భయము. చెల్లెలి కొరకనుటయు అంతే. ఆ శూర్పణఖ భర్తయైన విద్యుజ్జిహ్వుని యుద్ధములో చంపినవాడు రావణుడే యని ఉత్తరకాండ చెప్పుచున్నది.

రావణుని సమర్థించుటకు ఎవరికైన అధికారము కలదనినచో ముందుగా త్రివేదిగారికే కలదు. ఆ పాత్రకు గొంతు ఇచ్చినవారు, ఆ పాత్రవలననే లోకప్రసిద్ధి పొందినవారు. నటులు తాము ధరించిన పాత్రలను ప్రేమించుట, వాటి పక్షమున వాదించుట లోకములో చూచుచునే యున్నాము. ఆయన రావణుని మహత్త్వమును ఒక్క పిసరు తగ్గింపక చూపిరి. సమర్థన మాత్రము చేయలేదు. రావణుని బదులు తాము క్షమాపణ చెప్పుకొనిరి. రావణునికి దశకంఠములుండియు ఒక్క కంఠమునుండియు రాని మాట అది.

2021 అక్టోబరు మొదటి వారములో, ముంబయిలో, హృద్రోగముచే త్రివేదిగారు దివంగతులైరి. వయస్సు ఎనుబది రెండు. అది మహాలయ పక్షము ముగియు సమయము. అమావాస్య అక్టోబరు 6. మరునాడే శరన్నవరాత్రులు ప్రారంభమాయెను. 15వ తేదీన విజయదశమి. ఆనాడు ఎప్పటివలెనే పలుచోట్ల మైదానములలో రావణ ప్రతిమలకు నిప్పు అంటించి జనులు కేరింతలు కొట్టిరి. తెలుగునాట శమీపూజ యుండగా ఈ దహనోత్సవము వ్యాపించినది ఇటీవలనే.

వాల్మీకి రామాయణములో రావణుని దేహమునకు నిప్పు పెట్టిన ఘట్టము వేరు. ధర్మము విడిచినవానికి సంస్కారము చేయజాలనని విభీషణుడు వెనుదీసెను. మరణముతో వైరము తీరినది, ఇతడు నీకెట్లో నాకును అట్లే, సంస్కారము చేయుమని శ్రీరాముడు ఆదేశించెను. అప్పుడు చితి పేర్చి విధివిహితముగా అగ్నిసంస్కారము జరిపిరి. అచ్చట కేరింతలు లేవు. 1988లో తెరపై రావణుడు కూలిన దినమున తాము నివసించు ప్రాంతమున జనులు శోకించిరని త్రివేదిగారు ఒక సందర్భమున చెప్పియున్నారు. ఆ మాట విన్నవారు దానిని అమాయకత్వముగా భావించి నవ్వియుండవచ్చును. శ్రీరాముడు విభీషణునితో పలికిన మాటను చదివినవారు నవ్వజాలరు.